మోటారు బండి నాడి

జబ్బు చేసిన మనిషి వైద్యుని కడకు పోయినప్పుడు, వైద్యుడు మొట్టమొదట నాడి చూచును. రోగి నోటితో చెప్పలేని సంగతులను గూడ నాడి చెప్పునని మన పెద్దల నమ్మకము. మాటలు రాని పసిబిడ్డకు జబ్బు చేసినప్పుడు ఈ నేర్పు మరింత అవసరమగును. యంత్రములును మాటలు రానివే. పూర్వము మెకానిక్కు ఇంజను మ్రోత విని, పొగ రంగు చూచి, పెట్రోలు వాసన పసిగట్టి, లోపమెక్కడ నున్నదో ఊహించెడివాడు. నేటి కార్లు మాత్రము తమ సంగతిని చాలవరకు తామే చెప్పగలవు. అయితే అవి ఊరక చెప్పవు, అడిగినవారికే చెప్పును. అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెత ఈ యంత్రముల విషయమున అక్షరాల నిజము.

ఒక చిన్న కంప్యూటరును తమ చేతులతో తామే కూర్చి, దానిని కారులో అమర్చి, కారులోని తనిఖీ వ్యవస్థకు తగిలించి, బండితో సంభాషించువారు నేడు అనేక దేశములలో నున్నారు. వారడుగు ప్రశ్నలెట్టివి? బండి చెప్పు జవాబులెట్టివి? ఆ జవాబులను ఎంతవరకు నమ్మవచ్చును? ఇవి తెలిసికొనుటకు ముందు, కారులో అట్టి తనిఖీ వ్యవస్థ ఏల ఏర్పడెనో తెలిసికొనవలెను.

ఆ కథ అమెరికా సంయుక్త రాష్ట్రములలో, కాలిఫోర్నియా రాష్ట్రమందలి లాస్ ఏంజెల్స్ నగరమున మొదలైనది. 1943 జూలై నెలలో ఒకనాడు ఆ నగరమును పొగమంచు వంటి దట్టమైన తెర క్రమ్ముకొనెను. జనుల కన్నులు మండెను, గొంతులు ఒరసికొనిపోయెను, కొలది దూరమున నున్న భవనములు గూడ కానరాకుండెను. అది రెండవ ప్రపంచ యుద్ధ కాలము. శత్రువులు విషవాయువును ప్రయోగించిరేమోయని కొందరు భయపడిరి. కాని ఆ శత్రువు వెలుపలినుండి వచ్చినది కాదు.

ఆ నగరమునకు చేరువనున్న పాసడీనాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో ఏరీ హాగెన్-స్మిట్ అను శాస్త్రజ్ఞుడుండెను. ఆయన హాలెండు దేశమున జన్మించినవాడు. అనాసపండు రుచికిని, వాసనకును కారణమైన పదార్థములను పరిశోధించుచుండెను. ఆయన తన పరిశోధనను పండ్ల వాసన నుండి నగరపు గాలివైపునకు మరల్చెను. కార్లనుండియు, చమురు శుద్ధిచేయు కర్మాగారములనుండియు వెలువడు వాయువులు ఎండ తగిలి మార్పుచెంది, కన్నులను మండించు ఆ తెరగా ఏర్పడుచున్నవని 1950వ దశకపు తొలి సంవత్సరములలో ఆయన నిరూపించెను. ప్రతి యింటి ముందరను నిలిచియున్న కారే నగరపు గాలికి శత్రువని తేలుట ఆ కాలపు జనులకు మింగుడుపడని మాట. ఐనను సత్యము సత్యమే. 1967లో కాలిఫోర్నియా ప్రభుత్వము గాలి సంరక్షణకై ఒక మండలిని ఏర్పరచెను. హాగెన్-స్మిట్ దానికి మొదటి అధ్యక్షుడయ్యెను. 1970లో దేశమంతటికిని వర్తించు కఠినమైన చట్టము వచ్చెను. 1975 నమూనా కార్లు మొదలుకొని పొగగొట్టపు మార్గమున క్యాటలిటిక్ కన్వర్టరను పరికరమును అమర్చసాగిరి. ఇది విషవాయువులను తక్కువ హాని చేయు వాయువులుగా మార్చును.

ఇక్కడ ఒక చిక్కు ఏర్పడినది. కొత్త కారు శుభ్రముగనే నడచును. కాని అయిదేండ్లకో, పదేండ్లకో ఆ పరికరము చెడిపోయినచో తెలియుటెట్లు? చక్రము పంక్చరైనచో బండి ఆగును; దీపము ఆరినచో దారి కనబడదు. కన్వర్టరు చెడినను కారు యథాప్రకారము పరుగెత్తుచుండును. నష్టము యజమానికి గాక, దారిన పోవువారి ఊపిరితిత్తులకు కలుగును. కావున కారు తన పరికరములను తానే ఎడతెగక పరీక్షించుకొనుచు, లోపము కలిగినంతనే డ్రైవరునకు తెలుపవలెనను ఆలోచన పుట్టెను. దీనికే ఆంగ్లమున ఆన్ బోర్డ్ డయాగ్నొస్టిక్స్ అని పేరు. అనగా బండిలోనే అమర్చిన రోగనిర్ణయ వ్యవస్థ. క్లుప్తముగా దానిని ఓబీడీ యందురు.

అప్పటికే కార్లలో ఇంజనును నడుపు చిన్న కంప్యూటర్లు ప్రవేశించియుండెను. అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ 1981లో దాదాపు తన కార్లన్నింటను అట్టి కంప్యూటరునమర్చెను. దానితో మాటలాడు విధము మిక్కిలి విచిత్రమైనది. డాష్‌బోర్డు క్రిందనున్న సాకెట్టులోని రెండు కొనలను ఒక చిన్న తీగముక్కతో కలిపినచో, హెచ్చరిక దీపము మినుకుమినుకుమని వెలుగును. ఒకమారు వెలిగి, కొంత ఆగి, మరల రెండుమారులు వెలిగినచో అది 12 అను సంఖ్య. దానిని పుస్తకములో వెదకి అర్థము తెలిసికొనవలెను. కాని ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క భాష, ఒక్కొక్క సాకెట్టు. ఒక సంస్థ కారును తనిఖీ చేయు పరికరము వేరొక సంస్థ కారునకు పనికిరాదు. 1988 నమూనా కార్లకు కాలిఫోర్నియా విధించిన మొదటి నియమము ఈ గందరగోళమును తొలగించలేదు. రెండవ నియమము 1996 నుండి అమెరికా దేశమంతటను అమలులోనికి వచ్చెను. అప్పుడు సాకెట్టు ఆకారము, ప్రశ్నల రూపము, లోపముల సంఖ్యలు అన్నియు ఉమ్మడివైనవి. ఐరోపా దేశములలో 2001 నుండి పెట్రోలు కార్లకు ఇట్టి నియమమే ఏర్పడెను. మన దేశములో 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 4 నియమములు హైదరాబాదుతో గూడ 13 నగరములలో మొదట అమలులోనికి వచ్చినప్పుడు ఓబీడీ తొలి రూపమును, 2013 ఏప్రిల్ నుండి రెండవ రూపమును కార్లకు విధించిరి. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న భారత్ స్టేజ్ 6 నియమములు ఈ తనిఖీని మరింత కట్టుదిట్టము చేసినవి.

ఇప్పుడు ఆ సాకెట్టును చూతము. అది స్టీరింగు చక్రమునకు చేరువలో, డాష్‌బోర్డు క్రింద నుండును. అందులో రెండు వరుసలుగా 16 గదులు గలవు. 16వ గదిలో బ్యాటరీ విద్యుత్తు వచ్చుచుండును. 4, 5 గదులు భూమి కొనలు. 6, 14 గదులలో క్యాన్ అను పద్ధతికి చెందిన రెండు తీగలుండును. 7వ గదిలో పాత పద్ధతి కార్ల సమాచారపు తీగ యుండును. అన్ని కార్లకును సాకెట్టు ఒక్కటే యైనను, లోపలి భాషలు తొలినాళ్లలో అనేకములు. ఫోర్డు కార్లు ఒక విధముగను, జనరల్ మోటార్స్ కార్లు మరియొక విధముగను మాటలాడెడివి. క్రైస్లరు కార్లును, ఐరోపా, ఆసియా దేశముల కార్లును ఇంకొక విధముననుసరించెడివి. జర్మనీ దేశపు బాష్ సంస్థ రూపొందించి 1986లో లోకమునకు వెల్లడించిన క్యాన్ పద్ధతి క్రమముగా వ్యాపించి, 2008 నమూనా నుండి అమెరికాలో అమ్ము కార్లన్నింటికిని తప్పనిసరియైనది.

ఈ భాషలలో కొన్నింటి మర్యాదలు వినదగినవి. ఐరోపా, ఆసియా కార్లలోని పాత పద్ధతిలో కంప్యూటరును మొదట మెల్లగా పలుకరించవలెను. సెకండునకు అయిదు చిహ్నముల వంతున పలుకరింపు పంపుటకే రెండు సెకండ్లు పట్టును. అది మేలుకొని బదులిచ్చిన పిమ్మట సెకండునకు 10,400 చిహ్నముల వేగముతో సంభాషణ సాగును. అయిదు సెకండ్లపాటు ఏమియు అడుగకున్నచో అది సంభాషణ ముగిసినదని తలచి మౌనము వహించును. మరల మొదటినుండి పలుకరించవలసినదే. క్యాన్ పద్ధతిలో ఇట్టి ఆలస్యము లేదు. ఓబీడీ సంభాషణలో దాని వేగము సాధారణముగా సెకండునకు 5,00,000 చిహ్నములు.

ఇంటిలో కూర్చిన కంప్యూటరు సంగతి ఇక చూతము. 2001లో తైవాన్‌కు చెందిన వయా అను సంస్థ 17 సెంటీమీటర్ల చదరపు పలకపై ఇముడు కంప్యూటరు నమూనాను వెలువరించెను. అప్పటినుండి కారులో కంప్యూటరును అమర్చుకొను ఉత్సాహము పెరిగెను. 2012లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రూపొందిన రాస్ప్‌బెర్రీ పై యను కంప్యూటరు దాదాపు ఒక పేకముక్కయంతయే యుండుటచే ఈ పని మరింత సులభమైనది. ఐనను ఇంటి గదిలో నడచు కంప్యూటరును కారులో పెట్టినంతనే అది నడచునని తలచుట పొరపాటు.

మొదటి కష్టము విద్యుత్తుతోనే కలుగును. కారు బ్యాటరీ 12 వోల్టులదని చెప్పుదుము. కాని ఇంజనును స్టార్టు చేయు క్షణమున అది 9 వోల్టులకో, అంతకంటె క్రిందికో పడిపోవును. ఇంజను నడచునప్పుడు దాదాపు 14 వోల్టులకు పెరుగును. చిన్న కంప్యూటరునకు కావలసినది నిలుకడయైన 5 వోల్టులు. కావున నడుమ విద్యుత్తును సవరించు పరికరముండవలెను. తీగకు తప్పక ఫ్యూజునమర్చవలెను. లేనిచో తీగ రాపిడికి లోనై బండి ఇనుమును తాకినప్పుడు నిప్పంటుకొను ప్రమాదము గలదు.

రెండవ కష్టము కంప్యూటరును ఆపుటలో నున్నది. తాళపుచెవి త్రిప్పినంతనే విద్యుత్తు తెగిపోయినచో, కంప్యూటరు జ్ఞాపకపు కార్డులోని వ్రాత చెడిపోవచ్చును. ఎప్పటికిని ఆపకున్నచో బ్యాటరీ హరించుకొనిపోవును. లెక్క వేసి చూడుడు. 5 వాట్లు వాడు కంప్యూటరు 12 వోల్టుల బ్యాటరీనుండి గంటకు దాదాపు 0.42 ఆంపియరు-గంటలు తీసికొనును. ఒక దినమునకు 10. మూడు దినములకు 30. చిన్న కారు బ్యాటరీలో నిలువయుండునది 35 ఆంపియరు-గంటలు మాత్రమే. సెలవులకు ఊరు పోయి వచ్చునప్పటికి బండి కదలదు! అందుచేత నేర్పరులు తాళపుచెవి త్రిప్పిన సంగతిని కంప్యూటరునకు ముందుగా తెలియజేసి, అది తన వ్రాతపని ముగించుకొన్న పిమ్మట విద్యుత్తు తెగునట్లు ఏర్పాటు చేయుదురు.

మూడవది భాష. ఇంటి కంప్యూటరునకు కారు భాష రాదు. నడుమ ఒక దుబాసీ కావలెను. అట్టి పనికి కెనడా దేశమందలి ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అను సంస్థ తయారుచేసిన ఎల్మ్ 327 అను చిప్పు ప్రసిద్ధికెక్కినది. అది ఒక ప్రక్క కార్ల భాషలన్నింటిని వినుచు, మరియొక ప్రక్క కంప్యూటరుతో సామాన్యాక్షరములలో మాటలాడును. దుబాసీకే ఏదేని ఆజ్ఞ ఈయదలచినచో ఏటీ అను రెండక్షరములతో ఆరంభించవలెను. ఇది 1981లో టెలిఫోను తీగలపై కంప్యూటర్లను కలుపు పరికరమునకు పెట్టిన పద్ధతి. దాని అర్థము మన భాషలో చెప్పవలెనన్నచో "చిత్తగింపుడు" అనుట. దుబాసీకి ఒక ప్రశ్న వేసిన పిమ్మట జవాబు వచ్చువరకు ఓపిక పట్టవలెను. నడుమ మరియొక అక్షరము పంపినచో అది చేయుచున్న పనిని ఆపివేయును.

దుబాసీ లేకుండ క్యాన్ తీగలతో నేరుగా మాటలాడు పలకలును గలవు. వానిని తగిలించునప్పుడు ఒక జాగ్రత్త యవసరము. క్యాన్ తీగల రెండు చివరలను 120 ఓముల నిరోధములు ఒక్కొక్కటి చొప్పున నుండును. రెండును కలిసి 60 ఓములగును. ఇంటిలో కొన్న పలకపై గూడ 120 ఓముల నిరోధమున్నచో, మూడును కలిసి 40 ఓములై, కారులోని యంత్రముల సంభాషణయే తడబడవచ్చును. అతిథిగా పోయినవాడు ఇంటివారి మాటలకు అడ్డు రాకూడదు కదా!

ఇక ప్రశ్నోత్తరములు. కారు జవాబులు మన పదింటి లెక్కలో గాక పదునారింటి లెక్కలో వచ్చును. ఇది మనకు క్రొత్త కాదు. 1957 వరకు మన దేశములో రూపాయికి పదునారు అణాలుండెడివి. మొదటి అంకెను రూపాయలుగను, రెండవ అంకెను అణాలుగను భావించినచో చాలును. అణాలు తొమ్మిది దాటినచో పది మొదలు పదునైదు వరకు ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ అను అక్షరములను వాడుదురు. ఇంజనును చల్లబరచు నీటి వేడి ఎంతయని తెలిసికొనుటకు 01 05 అని అడుగవలెను. ఇందు 01 అనునది "ఇప్పటి సంగతి చెప్పుము" అనుట. 05 అనునది నీటి వేడిని సూచించు సంఖ్య. కారు 41 05 78 అని బదులు చెప్పెననుకొనుడు. మొదటి రెండును నీ ప్రశ్న వింటినని తెలుపునవి. 78 అనగా ఏడు రూపాయల ఎనిమిది అణాలు. మొత్తము 120 అణాలు. అందుండి 40 తీసివేయవలెనని నియమము. కావున నీటి వేడి 80 సెంటీగ్రేడు డిగ్రీలు. సున్నకంటె తక్కువ వేడిని గూడ చెప్పుటకు వీలుగా ఈ 40ని ముందే కలిపియుంచిరి.

ఇంజను తిరుగు వేగమును అడుగు సంఖ్య సున్న, సి. దానికి జవాబుగా 13 88 వచ్చెననుకొనుడు. 13 అనగా 19; 88 అనగా 136. మొదటిదానిని 256తో హెచ్చించి, రెండవదానిని కలిపినచో సరిగా 5,000 వచ్చును. దానిని నాలుగింట భాగించినచో 1,250. అనగా ఇంజను నిమిషమునకు 1,250 మారులు తిరుగుచున్నదన్నమాట. పాత పద్ధతి కార్లు సెకండునకు కొలది ప్రశ్నలకు మాత్రమే బదులీయగలవు. కావున తెలివిగలవాడు వేగమును మాటిమాటికి అడిగి, నీటి వేడిని ఎప్పుడో ఒకమారు అడుగును. నీరు క్షణములో కాగదు, క్షణములో చల్లారదు.

ఈ సంఖ్యలవలన ప్రయోజనమేమని అడుగవచ్చును. ఒక ఉదాహరణము చాలును. అనేక పెట్రోలు కార్లు తాము పీల్చు గాలి సెకండునకు ఎన్ని గ్రాములో చెప్పగలవు. పెట్రోలు పూర్తిగా మండుటకు దానికి 14.7 రెట్లు బరువుగల గాలి కావలెను. ఇంజను ఊరక తిరుగుచుండగా గాలి సెకండునకు 2.94 గ్రాములని వచ్చినచో, పెట్రోలు సెకండునకు 0.2 గ్రాము. గంటకు 720 గ్రాములు, అనగా ఇంచుమించు ఒక లీటరు. బండి ఒక్క అడుగైనను కదలకుండ గంటకు లీటరు పెట్రోలు ఆవిరియగుచున్నదని పుస్తకములో చదువుట వేరు. తన కారులో తాను కూర్చిన కంప్యూటరుపై చూచుట వేరు. అట్లు చూచినవాడు ఎఱ్ఱ దీపము కడ చాలసేపు నిలువవలసి వచ్చినచో ఇంజనును ఆపకుండ నుండలేడు.

ఇప్పటి సంగతినే గాక జరిగిన సంగతిని గూడ కారు చెప్పును. 03 అని అడిగినచో తనలో నమోదైన లోపముల సంఖ్యలను తెలుపును. పి0301 అను సంఖ్యను తీసికొందము. పి అనునది ఇంజనుకు సంబంధించినదని. సున్న అన్ని సంస్థలకును ఉమ్మడియని. 3 ఇంధనమును మండించు భాగమునకు చెందినదని. 01 మొదటి సిలిండరని తెలుపును. మొత్తముమీద మొదటి సిలిండరులో ఇంధనము సరిగా మండుటలేదని అర్థము. దీనిని చూచినంతనే స్పార్కుప్లగ్గును మార్చువారు గలరు. కాని ఆ లోపము ప్లగ్గువలన కావచ్చును. నిప్పురవ్వకు విద్యుత్తునిచ్చు కాయిలువలన కావచ్చును. పెట్రోలును చిమ్ము ఇంజెక్టరువలన కావచ్చును. సిలిండరు లోపలి అరుగుదలవలన గూడ కావచ్చును. కారు చెప్పినది లక్షణము, రోగము కాదు. జ్వరమున్నదని ఉష్ణమాపకము చెప్పును గాని ఆ జ్వరమునకు కారణమేదో చెప్పదు. సంఖ్యను విని ఎక్కడ వెదకవలెనో తెలిసికొనవలెను. పిమ్మట కంటితో చూచి, చేతితో పరీక్షించి, బుద్ధితో నిర్ణయించవలెను. ఇది తెలియనివాడు మంచి భాగములను తీసి పారవేసి, డబ్బు వదలించుకొని, లోపమును మాత్రము అట్లే నిలుపుకొనును.

ఇంతకంటె పెద్ద శోధన మరియొకటి గలదు. 04 అను ఆజ్ఞ నిచ్చినచో నమోదైన లోపములన్నియు చెరిగిపోవును. హెచ్చరిక దీపము ఆరిపోవును. బాగుచేసిన పిమ్మట ఈ ఆజ్ఞ నిచ్చుట సమంజసమే. బాగుచేయకయే దీపమునార్పుట తన్ను తాను మోసగించుకొనుట. లోపము కలిగిన క్షణమున ఇంజను వేగమెంత, వేడి యెంత అని కారు వ్రాసియుంచుకొన్న సాక్ష్యము గూడ దీపముతోపాటు నశించును. పిమ్మట వచ్చు మెకానిక్కునకు ఆధారమే యుండదు. అమెరికాలోని అనేక రాష్ట్రములలో పొగ పరీక్షకు పోయిన కారును కంప్యూటరుతో ప్రశ్నింతురు. లోపముల నెప్పుడు చెరిపినను, కారు తన స్వీయపరీక్షలను మొదటినుండి చేయవలసియుండును. అవి ఇంకను ముగియలేదని కారే నిజము చెప్పును. మోసము బయటపడును.

తగిలించుటలో ప్రమాదమును గలదు. 2010లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకును, సాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకును చెందిన పరిశోధకులు ఈ సాకెట్టునకు కంప్యూటరును తగిలించి, కారు బ్రేకులు పనిచేయకుండ చేయవచ్చునని ప్రయోగముచే చూపిరి. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అను పరిశోధకులిద్దరు ఏ తీగయు తగిలించకయే, టెలిఫోను తరంగముల ద్వారా దూరమునుండి ఒక జీపు ఇంజనును అదుపు చేసి చూపిరి. దాని ఫలితముగా 14 లక్షల బండ్లను సంస్థ సవరణకై వెనుకకు పిలిచెను. కారులోని యంత్రములన్నియు ఒకే తీగలపై మాటలాడుకొనునప్పుడు, తలుపు తీసినవాడు వాకిలిలోనే ఆగునని చెప్పలేము. కావున తీగలేని పరికరమును సాకెట్టులో పెట్టి, తలుపు తెరచినట్లు విడిచిపోరాదు. నేర్చుకొనువాడు అడుగుటతో ఆగవలెను గాని ఆజ్ఞాపించుటకు తొందరపడరాదు. నడుపుచున్నప్పుడు తెరవైపు చూడనే రాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి రెండు సెకండ్లలో 33 మీటర్లు దాటును. అంత దూరము కన్నులు మూసికొని నడిపిన యట్లే.

ఇన్ని జాగ్రత్తలు చెప్పిన పిమ్మట, ఈ పని సామాన్యునకేలయని, సంస్థవారి మెకానిక్కులకే విడువరాదాయని ఒకరడుగవచ్చును. దీనికి సమాధానము చట్టములోనే యున్నది. పొగకు సంబంధించిన మరమ్మతు సమాచారమును కార్ల సంస్థలు తమ యొద్దనే దాచుకొనరాదని 1990లో అమెరికా శాసనసభ నిర్ణయించెను. 2012లో మసాచుసెట్స్ రాష్ట్రపు ఓటర్లు ఇంకొక అడుగు ముందుకు వేసి, సంస్థవారి మెకానిక్కులకు దొరకు సమాచారమంతయు ఇతర మెకానిక్కులకును, యజమానులకును దొరకవలెనని అత్యధిక సంఖ్యతో తీర్పు చెప్పిరి. సమాచారము కొందరి గుప్పిటనే యున్నచో, చిన్న ఊరి మెకానిక్కునకు పని పోవును. యజమాని చెప్పినంత చెల్లించవలసి వచ్చును. లోపము నిజముగా నున్నదో లేదో తెలిసికొను దారియుండదు.

ఆ పదునారు గదుల సాకెట్టు ఉత్సాహవంతుల వినోదమునకై పుట్టలేదు. ఒక నగర జనుల కన్నులు మండినందున, ఒక శాస్త్రజ్ఞుడు అప్రియమైన సత్యమును చెప్పినందున, ప్రభుత్వములు పట్టుపట్టినందున అది ఏర్పడినది. అందరకు ఉమ్మడియైన గాలికొరకు తెరచిన ద్వారము గనుక, అందరకును తెరచియే యున్నది. ఆ ద్వారమున నిలిచి ప్రశ్నించుటకు గొప్ప ధనము గాని, పెద్ద పదవి గాని యక్కరలేదు. కొంత గణితము, కొంత విద్యుచ్ఛాస్త్రము, చాలినంత ఓపిక యున్న చాలును. మన వాడుకలోనున్న యంత్రములు దినదినమును మరింత మూసిన పెట్టెల వలె మారుచున్నవి. వానిని వాడుటతోనే తృప్తిపడువాడు వానికి లోబడియుండును. మర్యాదతో అడిగి, జవాబును జాగ్రత్తగా పరీక్షించి, నిజమును దాచక బాగుచేయువాడే వానికి యజమాని యనిపించుకొనును.

ప్రశ్నలు

1. లాస్ ఏంజెల్స్ నగరపు గాలికిని, కారులోని తనిఖీ వ్యవస్థకును గల సంబంధమేమి?
2. ఇంటిలో కూర్చిన కంప్యూటరును కారులో అమర్చునప్పుడు కలుగు మూడు కష్టములను వివరింపుడు.
3. నీటి వేడికి 41 05 64 అను జవాబు వచ్చినచో వేడి ఎన్ని డిగ్రీలు? లెక్క చేసి చూపుడు.
4. "కారు చెప్పినది లక్షణము, రోగము కాదు." ఈ వాక్యమును ఉదాహరణముతో సమర్థింపుడు.
5. లోపమును సవరించకయే హెచ్చరిక దీపమునార్పుటవలన కలుగు నష్టములెవ్వి?
6. యంత్రముల సమాచారము అందరకును అందుబాటులో నుండవలెనా? మీ యభిప్రాయమును కారణములతో వ్రాయుడు.